వేలిముద్ర, సంతకం, రహస్యసంఖ్య
(చేతి ఫోను ద్వారా జరిగే ధనవ్యవహారాలలో మోసాల నివారణ, గోప్యతా రక్షణలను గురించిన ప్రసంగపాఠం)



ప్లాటినం జూబిలీ వంటి శుభసందర్భంలో మోసాలను గురించిన ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. గురువుల త్యాగాన్ని, పాఠశాల కీర్తిని తలచుకొనవలసిన వేళ బ్యాంకు ఖాతా, చేతి ఫోను, దొంగ పిలుపు వంటి మాటలు అపశ్రుతిగా వినిపించవచ్చు. కాని ఇది అక్షరజ్ఞానానికి సంబంధించిన విషయం. అక్షరజ్ఞానం బడికి సంబంధించినది. కనుక ఈ వేదిక దీనికి తగినదే.

ఈ పాఠశాల తలుపులు తెరిచిన నాటికి రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో భాగం. 1956 నవంబరు 1న అది మైసూరు రాష్ట్రంలో చేరింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కచేరిలో చాలాకాలం ఉర్దూ. కృష్ణా తుంగభద్రల నడుమ బ్రతికిన సామాన్య రైతుకు ఏ కాగితం వచ్చినా చదివిపెట్టే మరొక మనిషి కావలసివచ్చేది. పట్వారి చదివినదే కాగితం, షావుకారు చెప్పినదే లెక్క. చివరకు చూపించిన చోట బొటనవ్రేలిని సిరాలో అద్ది నొక్కడమే రైతు వంతు. నూరు రూపాయల పత్రంలో మరొక సున్న చేరితే కనిపెట్టే దారి లేదు. అందువలననే ఓనమాలు ముగిసిన వెంటనే పేరు వ్రాయడం నేర్పడం ఆ తరం ఉపాధ్యాయుల పద్ధతి. బడిలో నేర్చిన పిల్లవాడు రాత్రి దీపం ముందు కూర్చుండి తండ్రి చేత పలక మీద పేరు దిద్దించేవాడు. వేలిముద్ర స్థానంలో వంకరగానైనా సంతకం పెట్టిన రోజు ఆ ఇంటికి పండుగ.

విచిత్రమేమంటే, డెబ్భై అయిదేళ్ళు తిరిగేసరికి ఆ వేలిముద్ర మరల వచ్చింది. ఈసారి సిరా లేదు, కాగితం లేదు. వేలును చిన్న యంత్రం మీద ఉంచితే చాలు, ఖాతాలోని డబ్బు చేతికి వస్తుంది. ఎవరి చేతికి అనేదే ప్రశ్న.

వేలిముద్రను సంతకంగా వాడే ఆలోచన అసలు పుట్టినది మోసాన్ని నివారించడానికే. 1858 జులైలో బెంగాలులోని జంగీపూరులో విలియం హెర్షెల్ అనే ఆంగ్ల అధికారి, రోడ్లకు కంకర సరఫరా చేస్తానని ఒప్పుకొన్న రాజ్యధర్ కోనాయ్ అనే గుత్తేదారు చేత ఒప్పందపత్రం వెనుక అరచేతి ముద్ర వేయించాడు. రేపు "ఈ సంతకం నాది కాదు" అనకుండా ఉండడానికి చేసిన పని అది. ఆ తరువాత 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. ముద్రలను వర్గీకరించే పద్ధతికి అక్కడి అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ చేసిన కృషి గొప్పది. పేరు మాత్రం వారి పై అధికారి హెన్రీకి దక్కింది.

ఇక్కడ ఒక సంగతి గమనించదగినది. అప్పటివారు వేలిముద్రను నమ్మారు గాని దానిని ఒంటరిగా నమ్మలేదు. 1880లో తపాలా శాఖ మనియార్డరు సేవను ప్రారంభించింది. బొంబాయి మిల్లులోనో, హైదరాబాదు రైల్వేలోనో పనిచేసే కుమారుడు పంపిన డబ్బును తపాలా బంట్రోతు ఇంటికి తెచ్చి ఇచ్చేవాడు. చదువురాని తల్లి వేలిముద్ర వేస్తే దాని ప్రక్కన చదువు వచ్చిన సాక్షి సంతకం ఉండవలసినదే. ముద్ర ఆమెది, ఆమె చేతికి డబ్బు అందినది అని చెప్పడానికి ఊరిలో ఒక మనిషి నిలబడేవాడు. నేటి యంత్రానికి సాక్షి లేడు. మోసగానికి కలిసివచ్చిన మొదటి సౌకర్యం ఇదే.

చేతి ఫోను ద్వారా డబ్బు పంపే పద్ధతిని సామాన్య ప్రజల దాకా తీసుకువెళ్ళి పేరు పొందిన దేశం ఆఫ్రికాలోని కెన్యా. అక్కడ 2007 మార్చిలో ఎం-పెసా అనే సేవ మొదలైంది. "పెసా" అనగా స్వాహిలీ భాషలో డబ్బు. పైసా అనే మాటకు చుట్టమేనని వినేవారికి ఇట్టే తెలుస్తుంది. భారతదేశంలో 2016 ఏప్రిల్‌లో జాతీయ చెల్లింపుల సంస్థ యూపీఐ పద్ధతిని ఆవిష్కరించింది. అదే సంవత్సరం నవంబరు 8న పెద్దనోట్ల రద్దు, డిసెంబరు 30న భీమ్ యాప్. తొమ్మిదేళ్ళు తిరిగేసరికి, అనగా 2025 ఆగస్టు మాసంలో, యూపీఐ చెల్లింపులు ఒక్క నెలలోనే 2,000 కోట్లు దాటాయి. నేడు రాయచూరు గంజ్‌లో పత్తి అమ్మిన రైతు మొదలు, సింధనూరు, మాన్వి క్యాంపులలో వరినాట్లకు వచ్చిన కూలీ వరకు, బెంగళూరు కట్టడాల పనికి వలసపోయి ఇంటికి డబ్బు పంపే యువకుని వరకు అందరి చేతిలోను ఈ సాధనం ఉన్నది. తోపుడుబండి మీద మిరపకాయ బజ్జీలు వేసే అంగడిలో సైతం గళ్ళగళ్ళ క్యూఆర్ బొమ్మ అంటించి ఉన్నది.

దీనివలన కలిగిన మేలును తక్కువ చేయడం న్యాయం కాదు. చిల్లర బాధ పోయింది. బస్సులో జేబు కొట్టేవానికి పని తగ్గింది. పంపిన డబ్బు క్షణంలో చేరుతున్నది. ఇంత మేలు చేసే సాధనాన్ని భయపడి విడిచిపెట్టమని చెప్పడం బావిలో పడతారని నీళ్ళు త్రాగవద్దన్నట్లు ఉంటుంది. బావికి గట్టు కట్టుకొనడం ఎట్లాగన్నదే ఆలోచించవలసిన విషయం.

సామాన్యంగా మోసమనగానే ఎక్కడో కూర్చున్న మేధావి బ్యాంకు యంత్రాలను ఛేదించి డబ్బు దోచుకుంటాడని జనం అనుకుంటారు. ఫోను ద్వారా జరిగే మోసాలలో చాలావరకు అట్లా జరగవు. బ్యాంకు తాళం గట్టిదే. మోసగాడు తాళం జోలికి పోడు. తాళంచెవి ఉన్న మనిషి చేతనే తలుపు తీయిస్తాడు. అందుకు అతనికి కావలసినవి మూడు: ఆ మనిషిని గురించిన కొంత సమాచారం, ఆ మనిషికి ఒక భయమో ఆశో కలిగించే మాట, ఆలోచించుకొనే వ్యవధి ఇవ్వని తొందర.

కొంతకాలం క్రిందటి వరకు బాగా సాగిన ఒక పద్ధతిని చూడండి. ఎవరో పాత మంచమో, పాత బండియో అమ్మకానికి పెడతారు. కొంటానని ఒకడు ఫోను చేస్తాడు. బేరం కూడ ఆడడు. ఆ ఒక్క లక్షణం చాలు, రాయచూరువాడు కాడని తెలుసుకొనడానికి. "డబ్బు పంపుతున్నాను, రహస్యసంఖ్య నొక్కి తీసుకోండి" అంటాడు. ఫోనులో నిజంగానే ఒక అభ్యర్థన కనబడుతుంది. అది డబ్బు ఇస్తున్న అభ్యర్థన కాదు, అడుగుతున్న అభ్యర్థన. అక్షరాలు ఆంగ్లంలో ఉంటాయి. అంకె మాత్రం స్పష్టంగా కనబడుతుంది. అమ్మేవారు సంఖ్య నొక్కుతారు, ఖాతా ఖాళీ అవుతుంది. వ్యక్తి నుండి వ్యక్తికి ఇటువంటి అభ్యర్థన పంపే వీలును జాతీయ చెల్లింపుల సంస్థ 2025 అక్టోబరు 1 నుండి తీసివేసింది. ఆ ద్వారం మూతబడినా మోసం వెనుకనున్న సూత్రం బ్రతికే ఉన్నది కనుక ఒక్క మాట స్థిరంగా గుర్తుంచుకొనాలి: రహస్యసంఖ్య డబ్బు పంపడానికి అవసరం. డబ్బు పుచ్చుకొనడానికి దానితో నిమిత్తం లేదు. క్యూఆర్ బొమ్మను ఫోనుతో చదివించడం కూడ ఇవ్వడానికే గాని పుచ్చుకొనడానికి కాదు.

ఇదే కుదురు నుండి వచ్చిన పిలకలు అనేకం. "పొరపాటున మీకు అయిదువేలు పంపాను, మా తల్లి ఆసుపత్రిలో ఉన్నది, దయచేసి తిరిగి పంపండి" అని ఏడ్చే గొంతు ఒకటి. డబ్బు వచ్చినట్లు సందేశం కూడ ఉంటుంది. ఆ సందేశం బ్యాంకు పంపినది కాదు, అతడే వ్రాసి పంపినది. ఖాతాలోని నిలువ చూస్తే గుట్టు బయటపడుతుంది. అంగళ్ళవారికి మరొక తరహా మోసం: చెల్లించినట్లు కనబడే నకిలీ తెరను చూపించి సరుకు పట్టుకుపోవడం, లేదా రాత్రివేళ అంగడి క్యూఆర్ బొమ్మ మీద మరొకరి బొమ్మ అంటించిపోవడం. ఇటీవల పెళ్ళిపత్రిక అనో, వాహనపు జరిమానా అనో, రైతు పథకం అనో పేరు పెట్టి వాట్సాప్‌లో ఒక ఫైలు పంపుతున్నారు. పేరు చివర ఏపీకే అనే మూడక్షరాలు ఉంటే అది పత్రిక కాదు, ఫోనులోకి దూరి కూర్చుండే యాప్. ఓటీపీ సందేశాలను ఫోను యజమాని కంటె ముందుగా అదే చదివి దొంగకు చేరవేస్తుంది. పోలీసు దుస్తులు వేసుకొని వీడియోలో కనబడి "నిన్ను డిజిటల్ అరెస్టు చేశాను, గది దాటరాదు" అని గద్దించే ముఠాలు చదువుకొన్న ఉద్యోగులను సైతం రోజుల తరబడి కదలనీయలేదు. అటువంటి అరెస్టు ఈ దేశపు చట్టంలో ఎక్కడా లేదు.

డబ్బు పంపే ముందు తెరపై పుచ్చుకొనేవారి పేరు కనబడుతుంది. బ్యాంకులో నమోదైన పేరునే చూపించాలని 2025లో నియమం చేశారు. కూరగాయల అవ్వకు ఇచ్చే డబ్బుకు ఎక్కడి పేరో కనబడితే ఆగి అడగాలి. ఈ ఆగడానికి పట్టేది రెండు క్షణాలు. బ్యాంకులు సేవల కొరకు చేసే పిలుపులు 1600తో మొదలయ్యే నంబర్ల నుండి రావాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో ఆదేశించింది. పది అంకెల మామూలు నంబరు నుండి "బ్యాంకు మేనేజరును" అనేవానితో వాదించడం దేనికి? పెట్టివేయడమే మర్యాద.

ఇంతవరకు చెప్పినవన్నీ మనిషి తానుగా సంఖ్య నొక్కితే గాని జరగని మోసాలు. మనిషి ఇంటిలో నిద్రపోతుండగా జరిగే మోసం మరొకటి ఉన్నది. అది వేలిముద్ర కథకు రెండవ అధ్యాయం.

గ్రామాలలో బ్యాంకు మిత్రలు, చిన్న అంగళ్ళవారు ఒక యంత్రం పెట్టుకొని డబ్బు ఇస్తుంటారు. దానిని ఆధార్ ఆధారిత చెల్లింపు పద్ధతి, ఏఈపీఎస్ అంటారు. బ్యాంకు పేరు, ఆధార్ సంఖ్య, వేలిముద్ర, ఈ మూడు ఉంటే చాలు. కార్డు అక్కర లేదు. రహస్యసంఖ్య లేదు. ఓటీపీ రాదు. 2023 ఆగస్టు 30న కర్ణాటక ప్రభుత్వం ఆరంభించిన గృహలక్ష్మి పథకపు నెలసరి 2,000 రూపాయలను, ఉపాధి కూలీని, పింఛనును అవ్వలు ఊరు దాటకుండా తీసుకొనగలగడం ఈ పద్ధతి వలననే. మేలైన ఏర్పాటే. కాని అందులోని మూడింటిలో బ్యాంకు పేరు దాచదగినది కాదు. ఆధార్ సంఖ్య ప్రతి జిరాక్స్ అంగడిలోను ఉన్నది. మిగిలినది వేలు. వేలు మనిషి వద్దనే ఉన్నది కదా అని నిశ్చింతగా ఉన్నారు. వేలు మనిషి వద్ద ఉన్నది గాని దాని ముద్ర భూమి రిజిస్ట్రేషను దస్తావేజులో కూడ ఉన్నది.

2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటు నుండి దస్తావేజులను దింపుకొని, అందులోని వేలిముద్రలను రబ్బరు మీద తయారుచేసి, ఇతరుల పేర్లతో వేలాది సిమ్ కార్డులను చలామణిలోకి తెచ్చిన సంగతి బయటపడింది. అమ్మకాల లక్ష్యాన్ని చేరుకొనడం కొరకు చేసిన పని అది. అప్పుడే మేలుకొనవలసినది. నాలుగేళ్ళ తరువాత, 2022లో, ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను పత్రాల నుండి ముద్రలు తీసి బ్యాంకు ఖాతాలనే ఖాళీ చేసిన ముఠాను సైబరాబాదు పోలీసులు పట్టుకొన్నారు. 2023లో బెంగళూరులో ఇదే పునరావృతమైంది. స్థలం కొనడానికి, అమ్మడానికి సబ్‌రిజిస్ట్రారు కచేరికి వెళ్ళి వేలు పెట్టి వచ్చినవారి ఖాతాల నుండి డబ్బు పోయింది. ముద్రలు కావేరి వ్యవస్థలోని దస్తావేజుల నకళ్ళ నుండి వెళ్ళినట్లు పోలీసు దర్యాప్తులో తేలింది. ఆ పిమ్మట నకళ్ళలో వేలిముద్రలను మరుగుపరచే చర్యలు తీసుకొన్నారు. ఆధార్ సంస్థ కూడ యంత్రంపై పెట్టినది సజీవమైన వేలా, అచ్చుపోసిన వేలా అని పరీక్షించే ఏర్పాటును 2023లో ప్రకటించింది. ఏఈపీఎస్ యంత్రాలు నడిపేవారిని బ్యాంకులు మరింత నిశితంగా విచారించి చేర్చుకొనాలన్న రిజర్వు బ్యాంకు ఆదేశం 2026 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది.

మోసపోయిన ఆ మనుష్యులు చేసిన తప్పేమిటి? ఏమీ లేదు. ఎవరికీ సంఖ్య చెప్పలేదు. ఏ ఫైలూ తెరవలేదు. చట్టం చెప్పిన చోట చట్టం చెప్పినట్లు వేలు పెట్టారు. దానిని దాచవలసినవారు దాచలేదు. ఫోను మోసాలను గురించి మాట్లాడే ప్రతివారూ ప్రజలను "జాగ్రత్త, జాగ్రత్త" అని హెచ్చరిస్తారు. ప్రజల కాగితాలు పెట్టుకొన్న కచేరీలను, సంస్థలను అంత గట్టిగా హెచ్చరించేవారు తక్కువ. రహస్యసంఖ్య దొంగిలింపబడితే మార్చుకొనవచ్చు. సంతకం అనుకరించబడితే మరొక విధంగా పెట్టవచ్చు. బొటనవ్రేలిని మార్చుకొనలేరు. దాని ముద్రను సేకరించేవారి బాధ్యత అందుచేతనే ఎక్కువ.

ఇటువంటి దొంగతనానికి చాలావరకు అడ్డుకట్ట వేయగల తాళం ఒకటి ఉన్నది. ఆధార్ యాప్ ద్వారా గాని, ఆ సంస్థ వెబ్‌సైటు ద్వారా గాని వేలిముద్రలకు తాళం వేసుకొనవచ్చు. అవసరమైనప్పుడు తాత్కాలికంగా తెరచుకొనవచ్చు. నెలకొకసారి డబ్బు తీసుకొనే అవ్వకు ప్రతిసారీ తెరవడం కొంత ఇబ్బందే. ఆ ఇబ్బంది ఇంటిలోని చదువుకొన్న పిల్లలు పడవలసినది. రుజువు కొరకు కాగితం ఇవ్వవలసి వస్తే చివరి నాలుగంకెలు మాత్రమే కనబడే ఆధార్ ప్రతిని ఇవ్వవచ్చు; ఎందుకు ఇస్తున్నారో, ఏ తేదీన ఇస్తున్నారో దాని మీద అడ్డంగా వ్రాసి ఇవ్వడం ఇంకా మంచిది. 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం "జిరాక్సులు ఎక్కడపడితే అక్కడ ఇవ్వకండి" అని ప్రకటన చేసింది. అపార్థాలకు తావిస్తుందని రెండు రోజులలోనే కేంద్రం దానిని ఉపసంహరించింది. ప్రకటన పోయింది గాని అందులోని సలహా మాత్రం చెడ్డది కాదు.

దీనినే గోప్యత అంటున్నారు. ఈ మాట వినగానే "దాచుకొనడానికి పేదవారి దగ్గర ఏమున్నది?" అనే ప్రశ్న వస్తుంది. గోప్యత ధనికుల విలాసమన్న భావం అందులో ఉన్నది. 2012లో ఈ ప్రశ్నను న్యాయస్థానానికి తీసుకువెళ్ళినవారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు. అప్పటికే ఎనభై ఏళ్ళు దాటిన వృద్ధుడాయన. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆయన 2024లో పరమపదించారు. ఆ తీర్పు వెలుగులోనే 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం చేసింది. నియమావళి 2025 నవంబరులో వెలువడింది, దశలవారీగా అమలు కావలసి ఉన్నది.

పేదవారి గోప్యత పోతే ఏమవుతుందో 2020 డిసెంబరులో తెలంగాణ చూసింది. ఫోనులో నిమిషాలలో అప్పు ఇస్తామన్న యాప్‌లు అప్పుతో పాటు ఫోనులోని పేర్ల జాబితాను, ఫొటోలను తీసుకొన్నాయి. కిస్తు ఆలస్యమైతే ఆ జాబితాలోని మేనమామకు, వియ్యపురాలికి, ఆఫీసు అధికారికి ఫోను చేసి ఈ మనిషి దొంగ అని చెప్పారు. మార్చిన ఫొటోలు పంపారు. అవమానం భరించలేక కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. తీసుకొన్న అప్పు కొన్ని వేలే. వెనుకటి షావుకారు ఇంటి ముందు నిలబడి అరిచేవాడు. వీరు చుట్టాలందరి ఇళ్ళ ముందు ఏకకాలంలో నిలబడి అరిచారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు అప్పుల యాప్‌లు పేర్ల జాబితాను, ఫొటోలను, పిలుపుల వివరాలను ముట్టుకొనరాదని నిషేధించింది. అయినా అనుమతి లేని యాప్‌లు పుట్టుకువస్తూనే ఉన్నాయి. ఏ యాప్ అయినా డబ్బుకు సంబంధం లేని పేర్ల జాబితాను అడిగితే, అది ఎందుకు అడుగుతున్నదో ఆలోచించకుండా "అలాగే" అని నొక్కరాదు.

ఆడపిల్లల తల్లిదండ్రులు ప్రత్యేకంగా గమనించవలసిన చిన్న విషయం ఒకటి. యూపీఐ చిరునామాలో చాలామందికి ఫోను నంబరే ఉంటుంది. పది రూపాయల పెన్ను కొన్నా నంబరు ఎదుటివారికి తెలిసే అవకాశం ఉన్నది. నంబరు లేకుండా మరొక పేరుతో చిరునామా పెట్టుకొనే వీలు యాప్‌లలోనే ఉన్నది.

ఇక ఇంటిలోని సంగతి. ఫోను పెద్దలది, రహస్యసంఖ్య మనుమనిది అన్నట్లు ఉన్న ఇళ్ళు ఎన్నో. సందేశం ఆంగ్లంలో వస్తుంది. బ్యాంకులో కన్నడం మాట్లాడతారు. ఇంట్లో తెలుగు. డెబ్భై అయిదేళ్ళ క్రిందట కాగితం చదివిపెట్టే పట్వారి ఉన్న స్థానంలో నేడు పదవ తరగతి పిల్లవాడు ఉన్నాడు. పిల్లవాడు మంచివాడే. కాని చదివే మనిషి, తాళంచెవి ఉన్న మనిషి ఒకరే కావడం ఎవరికీ క్షేమం కాదు, పిల్లవానికి కూడ. డబ్బు తగ్గిన రోజు మొదటి అనుమానం అతని మీదకే పోతుంది. ఆటల యాప్‌లకు తెలియక ఖర్చుచేస్తే నింద జీవితాంతం ఉంటుంది. నాలుగంకెలో ఆరంకెలో పెద్దలు తామే గుర్తుపెట్టుకొనాలి. అంకెలు గుర్తించడానికి డిగ్రీ అక్కర లేదు, పాతకాలపు అవ్వలు పాలలెక్క గోడ మీద గీతలతో ఏడాదంతా తప్పకుండా ఉంచేవారు. ఫోనుకు కట్టిన ఖాతాలో నెల ఖర్చుకు సరిపడేది మాత్రం ఉంచి, పంట డబ్బు వేరొక ఖాతాలో ఉంచుకొనడం వివేకం. ఇంటిలో మరొకరు చెల్లింపులు చేయవలసి వస్తే రహస్యసంఖ్య చెప్పకుండా, పరిమితి పెట్టి అప్పగించే యూపీఐ సర్కిల్ అనే ఏర్పాటు 2024లో వచ్చింది. మామూలు బటను ఫోను ఉన్నవారికి 2022లో యూపీఐ 123పే వచ్చింది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నా మోసం జరిగితే? చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనడం వృథా అని సామెత. ఈ విషయంలో మాత్రం సామెత పూర్తిగా నిజం కాదు. వెంటనే పట్టుకొంటే ఆకులు పనిచేస్తాయి. దొంగ పుచ్చుకొన్న డబ్బు ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు, అక్కడి నుండి ఇంకొక ఖాతాకు పరుగెత్తుతుంది. అది నోట్ల రూపంలో బయటకు రాకముందే దారిలో ఉన్న బ్యాంకు దానిని నిలిపివేయగలదు. 2021లో కేంద్ర హోంశాఖ ఈ ఏర్పాటు చేసింది. ఫోను చేయవలసిన నంబరు 1930. బ్యాంకు పేరు, డబ్బు పోయిన సమయం, మొత్తం, చెల్లింపు సందేశంలోని పన్నెండంకెల సంఖ్య చెప్పాలి. ఆ తరువాత బ్యాంకుకు వ్రాతపూర్వకంగా తెలిపి రసీదు తీసుకొనాలి. ఖాతాదారుని తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేకుండా మూడవవారి వలన డబ్బు పోతే, తెలిసిన మూడు పనిదినాలలో ఫిర్యాదు చేసిన ఖాతాదారునికి నష్టం రాదని 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు చెప్పింది. నాలుగు నుండి ఏడు పనిదినాలైతే కొంత భరించవలసి వస్తుంది. తప్పు ఖాతాదారునిదని నిరూపించే భారం బ్యాంకు మీదనే ఉంచింది. సంఖ్య తానే చెప్పినవారికి కూడ ఒక రక్షణ ఉన్నది: ఫిర్యాదు చేసిన క్షణం తరువాత పోయే డబ్బు వారి నష్టం కాదు.

అయినా జనం ఫోను చేయరు. నలుగురికీ తెలిస్తే నవ్వుతారని, కోడలు ఏమంటుందోనని, చదువుకొన్న కొడుకు "నీకెవరు చెప్పమన్నారు" అని గద్దిస్తాడని రెండు రోజులు మౌనంగా కూర్చుంటారు. ఆ రెండు రోజులే దొంగకు కావలసినవి. ఇంటిలో మోసపోయినవారిని మొదట అడగవలసిన మాట "ఎట్లా మోసపోయావు?" అని కాదు, "ఎంతసేపయింది?" అని.

ఈ పాఠశాలలో ఒకనాటి పిల్లలు పలక తీసుకొని ఇంటికి వెళ్ళి తండ్రికి సంతకం నేర్పినట్లే, నేటి పిల్లలకూ ఒక పని అప్పగించవచ్చును. ఎనిమిదవ తరగతి నుండి పైబడిన విద్యార్థులు వారానికి ఒకరోజు, శనివారం సాయంకాలం అనుకొందురు గాక, ఇంటిలోని పెద్దల ఫోనుకు బ్యాంకు నుండి వచ్చిన సందేశాలను వరుసగా తెలుగులో చదివి వినిపించాలి. ఏ తేదీన ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎవరి పేరుకు పోయింది అని పెద్దలు ఒక నోటుబుక్కులో వ్రాయాలి. వ్రాయలేనివారు చెప్పగా పిల్లలు వ్రాయాలి. తెలియని పేరు కనబడితే అక్కడ గీత గీయాలి. డబ్బు పంపవలసి వస్తే పుచ్చుకొనేవారి పేరు, మొత్తం పిల్లవాడు బిగ్గరగా చదవాలి. పెద్దలు రహస్యసంఖ్య నొక్కుతుండగా ముఖం ప్రక్కకు త్రిప్పుకొనాలి. నొక్కడం ముగిసిన పిమ్మట ఇటు తిరిగి, ఖాతాలో ఎంత మిగిలినదో మరల చదివి చెప్పాలి.